ప్లెథోరా అంటే ఉత్త 'చాలా' అనేనా? ఈ మాట అసలు ఎక్కడిది?

మీరు అడిగింది ఇదీ: ఐఈఎల్‌టీఎస్ ప్రాక్టీసు ఎస్సేలో 'ఆన్‌లైన్ ఎడ్యుకేషన్ హాజ్ ఎ ప్లెథోరా ఆఫ్ బెనిఫిట్స్' అని రాస్తే మీ సార్ ఆ మాట కింద ఎర్రగీత గీసి 'ఇక్కడ నప్పదు' అన్నారు, మీరేమో డిక్షనరీ తీస్తే 'పెద్ద సంఖ్య' అనే కనపడింది, మరి తప్పు ఎక్కడుంది, అసలు ఈ మాట ఎక్కడినుంచి వచ్చింది అని.

ముందు జవాబు చెప్పేస్తాను, వివరం తర్వాత. ప్లెథోరాకి అసలు అర్థం 'అవసరానికి మించి ఉండటం'. మన మాటల్లో 'మరీ ఎక్కువైపోయింది' అంటామే, అది. ఇవాళ్టి ఇంగ్లీషులో దాన్ని ఉత్త 'చాలా' అనే అర్థంలో కూడా జనం వాడుతున్నారు, డిక్షనరీలు రెండూ ఇస్తున్నాయి, కాబట్టి మీ వాక్యం తప్పని నేను అనను. కానీ మీ సార్ గీత గీయడంలో న్యాయం ఉంది, ఎందుకంటే లాభాలు మరీ ఎక్కువైపోయాయని ఎవరూ బాధపడరు కదా, ఆ మాటలో మాత్రం ఆ బాధ ఇంకా కొంచెం మిగిలి ఉంది. అది ఎందుకు మిగిలిందంటే ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చింది వైద్యుల నోటి మీదుగా, ఒక జబ్బు పేరుగా.

నేను విజయవాడలో పంతొమ్మిదేళ్ళ నుంచి ఇంగ్లీషు చెప్తున్నాను, ఎక్కువగా బయటి దేశాలకి వెళ్ళే నర్సులకి, అంటే ఓఈటీ (వైద్యరంగంలో పనిచేసేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష), ఐఈఎల్‌టీఎస్ బ్యాచ్‌లు. ఈ మాట సంగతి నాకు పుస్తకం నేర్పలేదు, క్లాసులో ఒక నర్సు నేర్పింది. చాలా ఏళ్ళ కిందట బోర్డు మీద 'మెనీ' అనే మాటకి బదులు వాడుకోదగ్గ మాటలు రాస్తూ ప్లెథోరా కూడా రాశాను. రెండో బెంచీలో కూర్చున్న అమ్మాయి, అప్పటికి నాలుగేళ్ళు పసిపిల్లల ఐసీయూలో చేసింది, చెయ్యెత్తి 'మేడమ్, మా వార్డులో ప్లెథోరా అంటే వేరే అండీ, పిల్ల ఎర్రగా కందిపోయి ఉంటే కేస్ షీట్‌లో ప్లెథోరిక్ అని రాస్తాం' అంది. ఎలా ఉంటారమ్మా ఆ పిల్లలు అని అడిగా. మామూలుగా పుట్టిన పిల్ల గులాబీ రంగులో ఉంటుంది, ఈ పిల్ల అలాక్కాదు, దొండపండు బాగా ముగ్గితే ఎలా ఉంటుందో అలా ముదురెరుపు, ఏడిస్తే ఇంకా ముదిరి ఊదారంగులోకి పోతుంది, అరిచేతులూ అరికాళ్ళూ కూడా అంతే, పాలు సరిగ్గా తాగదు, మత్తుగా పడుంటుంది అని చెప్పింది. రక్తం పరీక్ష చేస్తే అందులో ఎర్రకణాల వాటా, వాళ్ళు హెమటోక్రిట్ అంటారు, 65 శాతం దాటి ఉంటుందట. రక్తం చిక్కబడి పారడం కష్టమవుతుంది. షుగర్ ఉన్న తల్లులకి పుట్టిన పిల్లల్లో ఇది ఎక్కువగా చూస్తాం అంది. మరీ ఇబ్బంది పడుతుంటే బిడ్డ ఒంట్లోంచి కొంచెం రక్తం తీసి ఆ మేరకి సెలైన్ ఎక్కిస్తారు.

అంటే ఆ అమ్మాయి దృష్టిలో ప్లెథోరా అనేది ఎస్సేలో పెట్టుకునే నగ కాదు, బిడ్డ ముఖంలో కనపడగానే డాక్టర్ని పిలవాల్సిన గుర్తు. ఆ రోజు నుంచి నేను ఆ మాటని 'చాలా' లిస్టులో రాయడం మానేశాను, దాని వెనక కథ ఏంటో వెతకడం మొదలుపెట్టాను.

కథ గ్రీకులతో మొదలవుతుంది. గ్రీకులో 'ప్లేథోరే' అంటే నిండుదనం, 'ప్లేథైన్' అంటే నిండి ఉండటం అనే క్రియ నుంచి వచ్చింది. దాని చుట్టమే 'ప్లేథోస్', అంటే గుంపు, జనసమూహం. ఇక్కడిదాకా అందులో చెడు ఏమీ లేదు, ఉత్త నిండుదనమే. దాన్ని జబ్బు చేసింది డాక్టర్లు. క్రీస్తుకి ముందు మూడో శతాబ్దంలో ఎరాసిస్ట్రాటస్ అనే గ్రీకు వైద్యుడు ఉండేవాడు, అలెగ్జాండ్రియాలో శవాలు కోసి శరీరం లోపల ఏముందో చూసిన తొలి తరం వాళ్ళలో ఆయన పేరు చెప్తారు. ఆయన లెక్క ఏంటంటే సిరల్లో రక్తం ఉంటుంది, ధమనుల్లో గాలి లాంటి ప్రాణశక్తి ఉంటుంది. మనిషి అరిగేదానికన్నా ఎక్కువ తింటే ఆ తిండంతా రక్తమై సిరలు కిక్కిరిసిపోతాయి, పట్టక పక్కనున్న ధమనుల్లోకి పొర్లుతుంది, దాంతో వాపూ జ్వరమూ వస్తాయి. ఈ కిక్కిరిసిపోవడానికి ఆయన వాడిన పేరు ప్లెథోరా. మందు కూడా అందుకు తగ్గట్టే, తిండి తగ్గించు, పస్తుండు, ఒళ్ళు వంచు. మన పెద్దవాళ్ళు 'లంఖణం పరమౌషధం' అంటారే, దాదాపు అదే మాట.

నాలుగు వందల ఏళ్ళు పైన గడిచాక గాలెన్ వచ్చాడు. ఇప్పటి టర్కీలో బెర్గామా అంటారే, ఆ పెర్గమమ్ ఊరివాడు, రోముకి వెళ్ళి చక్రవర్తులకే వైద్యం చేశాడు. ఆయనా ప్లెథోరా నిజమే అన్నాడు, కానీ పస్తులతో ఎప్పటికి తగ్గేను, నరం కోసి రక్తం తీసెయ్యండి అన్నాడు. రోములో ఎరాసిస్ట్రాటస్ శిష్యులు రక్తం తియ్యకూడదని వాదిస్తుంటే వాళ్ళని ఖండిస్తూ ఆయన ప్రత్యేకంగా పుస్తకాలే రాశాడు. చివరికి గాలెన్ మాటే నెగ్గింది, ఎంతగా అంటే తర్వాత పదిహేను వందల ఏళ్ళు యూరప్‌లో జ్వరమొచ్చినా తలనొప్పొచ్చినా ముందు చెయ్యి చాపించి నరం కోసేవాళ్ళు. ఒంట్లో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు ద్రవాలుంటాయి, వాటి పాళ్ళు చెడితేనే రోగం అనేది వాళ్ళ సిద్ధాంతం. అందులో రక్తం పాలు మించితే, ముఖం ఎర్రబడి నరాలు ఉబ్బి కనపడితే, దాని పేరు ప్లెథోరా.

ఇంగ్లీషులోకి ఈ మాట వచ్చింది 1540ల ప్రాంతంలో, లాటిన్ మీదుగా, వైద్యం పుస్తకాల ద్వారానే. వచ్చినప్పుడు దానికి ఒంట్లో రక్తం మించడం అనే అర్థం తప్ప ఇంకోటి లేదు. ఇంకో వందా యాభై ఏళ్ళకి, 1700 ప్రాంతానికి, డాక్టరు గది దాటి వీధిలోకొచ్చింది, ఏ వస్తువైనా సరే మోతాదు మించితే ప్లెథోరా అనడం మొదలైంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆ రక్తం తీసే వైద్యం ఎంత దూరం పోయిందో చెప్పాలి, లేకపోతే ఆ మాటలో భయం ఎందుకుందో తెలియదు. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1799 డిసెంబర్ 14న చనిపోయాడు. గొంతు వాచి ఊపిరాడటంలేదని డాక్టర్లని పిలిస్తే ఆ ఒక్కరోజులోనే ఆయన ఒంట్లోంచి పలుసార్లు రక్తం తీశారు, ఆ రాత్రికే పోయాడు. వాళ్ళు చెడ్డ డాక్టర్లేం కాదు, వాళ్ళు చదివిన పుస్తకంలో అదే ఉంది. 1823లో లండన్‌లో మొదలైన పెద్ద వైద్య పత్రిక పేరు 'ద లాన్సెట్', ఇప్పటికీ ఉంది, లాన్సెట్ అంటే నరం గాటు పెట్టే చిన్న కత్తి. షుగర్ టెస్టుకి వేలు గుచ్చే సూదిని మెడికల్ షాపులో లాన్సెట్ అనే అడుగుతాం, మాట అదే. 1830లలో పారిస్‌లో పియేర్ లూయీ అనే డాక్టరు న్యుమోనియా రోగుల్ని లెక్కపెట్టి, రక్తం తీసినందువల్ల వాళ్ళకి పెద్దగా ఒరిగిందేమీ లేదని చూపించాక గానీ ఆ నమ్మకం సడలడం మొదలవలేదు. అలాగని పూర్తిగా పోలేదు కూడా. పాలిసైథీమియా అని ఎర్రకణాలు అతిగా పుట్టే జబ్బుకి ఇవాళ్టికీ రక్తం తీయడం ఒక వైద్యమే. కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బులో గుండ్రంగా ఎర్రబడిన ముఖాన్ని ఫేషియల్ ప్లెథోరా అనే రాస్తారు. మా నర్సమ్మాయి చెప్పింది కూడా ఈ పాత అర్థమే, రెండు వేల ఏళ్ళు దాటినా వార్డులో చెక్కుచెదరలేదు.

తెలుగువాళ్ళకి ఈ ప్రయాణం అర్థం చేసుకోవడం నిజానికి చాలా తేలిక, ఎందుకంటే మనమూ సరిగ్గా ఇదే చేశాం. పైత్యం. పిత్తం ఎక్కువైతే వచ్చే వికారం పైత్యం, అది వైద్యం మాట. కానీ ఇంట్లో ఎవరైనా అతిగా చేస్తే 'ఏంట్రా నీ పైత్యం', 'వాడికి పైత్యం ముదిరింది' అంటాం. అక్కడ ఎవరి లివరూ గుర్తుకు రాదు, 'అతి' అనేది ఒక్కటే మిగులుతుంది. 'ఒళ్ళు కొవ్వెక్కింది' కూడా అంతే, ఒంట్లో పెరిగిన కొవ్వు కాస్తా పొగరు అయింది. గాలెన్‌కి రక్తం ఎలాగో మనకి పిత్తం అలాగ. ఇప్పుడు ఆలోచించండి, మీ స్నేహితుడికి బోలెడు తెలివితేటలున్నాయి అని మెచ్చుకోవాలనుకుని 'వాడికి తెలివి పైత్యంలా ఉంది' అంటారా? అనరు. ప్లెథోరా అంత ఘాటు మాట కాదు లెండి, ఆ ఘాటు చాలావరకు తగ్గిపోయింది, కానీ మంచి ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళ చెవికి ఆ వాసన కొంచెం తగులుతుంది. మీ సార్‌కి తగిలింది అదే.

ఇంకో చుట్టరికం చెప్పనివ్వండి, ఇది నాకు చాలా ఇష్టం. ఆ గ్రీకు మాట మూలానికీ మన సంస్కృతంలోని 'పూర్ణ' అనే మాట మూలానికీ తల్లివేరు ఒకటే, 'నింపడం' అనే అర్థం ఉన్న పాత వేరు. పూర్ణం బూరెలో లోపల పెట్టే పూర్ణం, పున్నమి అంటే పూర్ణిమ, సంపూర్ణం, ఇవన్నీ ఆ ఇంటివే. లాటిన్ వైపు చూస్తే 'ప్లేనస్' అంటే నిండైనది, దాంట్లోంచి వచ్చింది 'ప్లెంటీ'. 'ప్లస్', 'కంప్లీట్' కూడా అక్కడివే. అచ్చ ఇంగ్లీషు వైపు 'ఫుల్', 'ఫిల్'. సంస్కృతంలో ప అని మొదలయ్యేది ఇంగ్లీషులో ఫ అవుతుంది, పితృ అంటే ఫాదర్, పాదం అంటే ఫుట్, పంచ అంటే ఫైవ్, అదే వరసలో పూర్ణం అంటే ఫుల్. అంటే మనం బస్సు 'ఫుల్' అన్నా, 'ప్లెంటీ' అన్నా, 'పూర్ణం' అన్నా ఒకే అమ్మ పిల్లల్ని పిలుస్తున్నాం. ఈ నలుగురిలో జబ్బుపడింది ప్లెథోరా ఒక్కటే.

అందుకే నేను క్లాసులో ఈ 'ఎక్కువ' మాటలన్నిటినీ ఒక బిందె బొమ్మ గీసి చెప్తాను. కుళాయి కింద బిందె పెట్టాం. మనకి కావాల్సినంత పడితే 'చాలు' అంటాం. అంచుదాకా వస్తే 'నిండింది' అంటాం. కట్టెయ్యడం మర్చిపోతే 'పొర్లిపోయింది' అంటాం. ఇంగ్లీషులో ఒక్కో మాటకి ఈ మూడింట్లో ఒక్కో చోటు ఉంటుంది.

'చాలు' దగ్గరుండేది గలోర్. పేపర్లో హెడ్డింగులు చూస్తుంటారు కదా, 'సిక్సర్స్ గలోర్', 'డిస్కౌంట్స్ గలోర్' అని. ఇది ఐర్లాండ్ వాళ్ళ ఐరిష్ భాష నుంచి, స్కాట్లాండ్ గేలిక్‌లో కూడా ఉంది, ఇంగ్లీషులోకి 1600లలో వచ్చింది. ఐరిష్‌లో 'గొ ల్యోర్' అంటారు, 'ల్యోర్' అంటే సరిపడినంత, చాలినంత. 'ఇస్ ల్యోర్ షిన్' అంటే 'అది చాలు'. చాలు అనే మాటే పెరిగి బోలెడు అయింది. ఇంగ్లీషు మామూలు పద్ధతి ప్రకారం ఇలాంటి మాట నామవాచకం ముందు రావాలి, ఇది మాత్రం పుట్టింటి అలవాటు వదలకుండా ఎప్పుడూ వెనకాలే వస్తుంది, గలోర్ సిక్సర్స్ అనకూడదు. ఇప్పుడు మన 'చాలా' సంగతి చూడండి. అది ఎక్కడిది? 'చాలు' నుంచే కదా! చాలు అంటే సరిపోవు, 'చాల' అంటే సరిపోయేటట్టు, అది నెమ్మదిగా 'ఎక్కువగా' అయి కూర్చుంది. గోదావరి ఒడ్డునా ఐర్లాండ్‌లోనూ ఒకరితో ఒకరికి ఏ పరిచయం లేకుండా జనం ఒకటే దారిలో నడిచారు, చాలినంత ఉంటే అదే బోలెడు అనుకున్నారు. పిల్లలకి ఇది చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది, నిజంగా.

'నిండింది' దగ్గర ప్లెంటీ, ఇందాక చెప్పాను. ఎక్కడా ఇబ్బంది పెట్టని మాట, కాస్త మాటల్లో వాడేదిలా అనిపిస్తుంది అంతే.

'పొర్లింది' దగ్గర అబండెన్స్ ఉంది, ప్లెథోరా కూడా ఉంది, కానీ ఇద్దరి స్వభావం వేరు. అబండెన్స్ లాటిన్ మాట, దాంట్లో 'ఉండా' అంటే అల, కెరటం. అలలు అలలుగా పొంగి పొర్లడం. ఆ ఉండాకీ మన 'ఉదకం' అనే మాటకీ ఇంగ్లీషు 'వాటర్'కీ మూలం ఒకటే అంటారు భాషాశాస్త్రజ్ఞులు. అందుకే అబండెన్స్‌లో ఒక చల్లదనం ఉంటుంది, కాలవ నిండుగా పారుతుంటే చూసినప్పటి సంతోషం. ప్లెథోరాలో పొర్లేది నీళ్ళు కాదు, నరాల్లో రక్తం, అందుకే అక్కడ సంతోషం లేదు. అన్నట్టు అబండెన్స్‌కి ఒక తోబుట్టువు ఉంది, 'రిడండెంట్'. అదే కెరటం ఒడ్డు దాటి పొర్లితే రిడండెంట్, అంటే అక్కర్లేనిది. ఇంగ్లండ్‌లో ఉద్యోగం తీసేస్తే 'మేడ్ రిడండెంట్' అంటారు, అక్కడ పనిచేసే మన సాఫ్ట్‌వేర్ పిల్లలకి ఈ మాట వింటే గుండె జారుతుంది. ఒకే కెరటం, ఒకరికి పంట, ఒకరికి ముంపు.

తెలుగులోనూ ఇలాంటివి ఎన్నున్నాయో, ఒక్కటి రెండు చెప్పి మళ్ళీ మీ ప్రశ్నకొస్తాను. బోలెడు అంటాం, బోలె అంటే చిప్పలాంటి పాత్ర, చారెడు దోసెడు గంపెడు లాగే బోలెడు, అంటే పాత్ర నిండా. ఇప్పుడు ఆ పాత్ర ఎవరికీ గుర్తులేదు, 'బోలెడు పనులు' అంటాం, పనుల్ని పాత్రలో ఎలా పోస్తాం? కొల్లలు, కోకొల్లలు అంటాం, కొల్ల అంటే దోపిడీ, కొల్లగొట్టడంలో ఉన్న కొల్ల. దోచుకున్న సొమ్ము కుప్పలా పడి ఉంటుంది కాబట్టి ఎక్కువ అనే అర్థం వచ్చింది. అయినా 'ఆయనకి శిష్యులు కోకొల్లలు' అంటే ఎవరూ దొంగతనం అనుకోరు. ఇబ్బడిముబ్బడిగా అంటే రెండింతలు మూడింతలు. తెలంగాణలో మస్తు అంటారు, ఉర్దూ మీదుగా వచ్చిన పార్సీ మాట, అక్కడ మస్త్ అంటే మత్తులో ఉన్న అని అర్థం, ఇక్కడికొచ్చి 'మస్తు మంది ఒచ్చిన్రు' అయింది. అంటే మాటలు పాత వాసన పోగొట్టుకోవడం మామూలే. బోలెడుకి పూర్తిగా పోయింది, కొల్లలకి దాదాపు పోయింది, ప్లెథోరాకి ఇంకా సగమే పోయింది. ఇంకో వందేళ్ళకి అదీ పోవచ్చు, అప్పుడు మీ సార్ లాంటి వాళ్ళు గీత గీయరు. కానీ మీ పరీక్ష ఇప్పుడు కదా.

కాబట్టి ఎక్కడ వాడాలి? ఎక్కువైపోవడమే సమస్య అయిన చోట వాడండి, బంగారంలా అతుకుతుంది. ఫోన్‌లో ఎన్ని యాప్‌లో, ఎన్ని పాస్‌వర్డ్‌లో గుర్తుపెట్టుకోలేక చస్తున్నాం అని రాసేటప్పుడు 'ఎ ప్లెథోరా ఆఫ్ పాస్‌వర్డ్స్' అనండి, చదివేవాడు తల ఊపుతాడు. మున్సిపాలిటీకి రోడ్డు గురించి కంప్లైంట్ లెటర్ రాస్తే 'ఎ ప్లెథోరా ఆఫ్ పాట్‌హోల్స్', గుంతలు ఎవడికి కావాలి, చక్కగా సరిపోతుంది. ఇంటర్ అయిన పిల్లవాడు ఏ కోర్సులో చేరాలో తేల్చుకోలేక తికమకపడుతుంటే 'ఎ ప్లెథోరా ఆఫ్ ఆప్షన్స్', ఇది కూడా బావుంటుంది, ఎందుకంటే ఎంపికలు ఎక్కువైతే తల తిరుగుతుంది.

వాడకూడని చోటు కూడా నా దగ్గరకొచ్చిన కాగితాల్లోంచే చెప్తాను. ఒక స్టాఫ్ నర్సు ఐర్లాండ్‌లో ఉద్యోగానికి కవర్ లెటర్ రాసుకొచ్చింది, మొదటి లైన్‌లోనే 'ఐ హావ్ ప్లెథోరా ఆఫ్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ ఎమర్జెన్సీ కేర్' అని ఉంది. పదకొండేళ్ళ అనుభవం ఆమెది, రాత్రి రెండింటికి యాక్సిడెంట్ కేసులొస్తే ఒక్కతే నిలబడి లైన్ పెట్టిన చెయ్యి అది. ఆ చేతికి ఈ మాట ఏం గౌరవం ఇచ్చింది చెప్పండి? 'ప్లెథోరా' తీయించి 'ఎలెవన్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్' అని అంకె వేయించాను, దాని కింద ఆమె చేసే పనులు వరసగా రాయించాను. ఇంకో అబ్బాయి యూనివర్సిటీకి పంపే ఎస్ఓపీలో, అంటే అక్కడ ఎందుకు చదవాలనుకుంటున్నాడో చెప్పే వ్యాసంలో, 'యువర్ యూనివర్సిటీ ఆఫర్స్ ఎ ప్లెథోరా ఆఫ్ కోర్సెస్' అని రాశాడు. పొగడ్త అనుకుని రాశాడు పాపం, అవతలివాళ్ళకి 'మీ దగ్గర కోర్సులు మరీ కుప్పలు తెప్పలుగా ఉన్నాయి' అన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. 'ఎ వైడ్ రేంజ్ ఆఫ్ కోర్సెస్' అంటే ఆ గొడవే లేదు.

మీ పరీక్ష సంగతికొస్తే, రైటింగ్‌లో నాలుగు అంశాలకి సమానంగా మార్కులు, అంటే ఒక్కోదానికి పాతిక శాతం, అందులో పదసంపద ఒకటి. అందరూ అక్కడ పెద్ద పెద్ద మాటలు వేస్తే బ్యాండ్, అంటే స్కోరు, పెరుగుతుందనుకుంటారు. వాళ్ళు చూసేది మాట పెద్దదా అని కాదు, ఆ మాట పక్కమాటతో కలుస్తుందా, ఆ సందర్భానికి తగ్గ బరువుందా అని. ఏడో బ్యాండ్ దగ్గర్నుంచి గట్టిగా చూసేది ఇదే. యూట్యూబ్‌లో 'ఈ పది మాటలు వాడితే ఎనిమిది బ్యాండ్' అని చెప్పే వీడియోల్లో ప్లెథోరా, మిరియడ్ తప్పకుండా ఉంటాయి, వాటిని చూసి వేలమంది అవే రాస్తారు, పేపర్ దిద్దేవాళ్ళకి బట్టీ అని ఇట్టే తెలిసిపోతుంది. మిరియడ్ అంటే గ్రీకులో పదివేలు అని అర్థం, అందులో జబ్బు లేదు కాబట్టి అది లాభాల పక్కన పెట్టినా ఫర్వాలేదు, కానీ నన్నడిగితే అదీ వద్దు.

వ్యాకరణం రెండు ముక్కల్లో. ముందు 'ఎ' తప్పకుండా ఉండాలి, 'ఎ ప్లెథోరా ఆఫ్', ఉత్త 'ప్లెథోరా ఆఫ్' అని మనవాళ్ళు రాసేస్తారు, పై కవర్ లెటర్‌లో ఆ తప్పు కూడా ఉంది. 'సో మెనీ ప్లెథోరా' అనకండి. తర్వాత వచ్చేది బహువచనం అయితే క్రియ 'ఆర్' పెట్టొచ్చు, 'ఎ ప్లెథోరా ఆఫ్ యాప్స్ ఆర్ అవైలబుల్', 'ఈజ్' రాసేవాళ్ళూ ఉన్నారు, రెండూ నడుస్తాయి. పలకడంలో మాత్రం మనవాళ్ళు దాదాపు అందరూ 'ప్లె-తో-రా' అని మధ్యలో సాగదీస్తారు. అది 'ప్లెథ్-అ-ర', ఊనిక మొదటి అక్షరం మీద, మధ్యది వినపడీ వినపడనట్టు పోతుంది, 'థ' అనేది థింక్‌లో లాగా నాలిక పళ్ళ మధ్య పెట్టి. స్పీకింగ్ టెస్టులో ఎప్పుడైనా వాడాల్సొస్తే ఇది గుర్తుంచుకోండి.

ఇక మీ వాక్యం. మీరు చెప్పదల్చుకుంది ఆన్‌లైన్ చదువు వల్ల లాభాలున్నాయని. 'ఆన్‌లైన్ ఎడ్యుకేషన్ హాజ్ సెవరల్ క్లియర్ బెనిఫిట్స్' అని రాసి వెంటనే ఒక లాభం పేరు పెట్టి చెప్పండి, పల్లెటూరి పిల్లకి హాస్టల్ ఖర్చు తప్పడమో, ఉద్యోగం చేస్తూ రాత్రిపూట చదువుకోవడమో, మీకు తెలిసిందేదైనా. ప్లెథోరా మీద మనసు పడితే దాన్ని పారేయక్కర్లేదు, రెండో పేరాలోకి దించండి. అక్కడ నష్టాలు రాస్తారు కదా, 'స్టూడెంట్స్ ఫేస్ ఎ ప్లెథోరా ఆఫ్ అన్‌వెరిఫైడ్ కోర్సెస్ అండ్ స్ట్రగుల్ టు చూజ్' అని పెట్టండి. ఆ పేరా కూడా మీ సార్‌కి చూపించి ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి, గీత ఎక్కడ పడిందో నేనూ చూస్తాను.